పై అర బూట్లు

ఆఫీసు, టైపు బల్ల దగ్గర
మార్చి 6

వదినగారికి,

ఇక్కడ అందరం కులాసా. మీ తమ్ముడు ఎప్పటిలాగే నవ్వుతూ, నవ్విస్తూ, మధ్యమధ్యలో నా ప్రాణం తీస్తూ ఉన్నారు.

పంతొమ్మిదేళ్లుగా నేను చేసే పని మీకు తెలిసిందే. ఎవరో కొండెక్కి, వాన గేజీలు చూసి, తడిసిన పుస్తకంలో రాసుకొచ్చిన అంకెలను శుభ్రంగా టైపు చేసి పెడతాను. ఏ గేజీలో ఏ నెల ఎంత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయితే ఒక్క గేజీని కూడా కళ్లతో చూసిన పాపాన పోలేదు.

కిందటి నెల మా ఫీల్డు ఇన్‌స్పెక్టరు రిటైరయ్యారు. ఆ పని నాకివ్వమని అర్జీ పెట్టాను. మా ఇంజనీరు గారు అర్జీ చదివి, చాలాసేపు నా చెప్పుల వంక చూసి, చివరికి ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు. మే నెలాఖరులో నాలుగు రోజుల చుట్టు ఒకటి ఉంది. కొండదారిలో పదకొండు గేజీలు. నా సామాను నేనే మోసుకుంటూ పదకొండూ చూసి రావాలి. వస్తే ఉద్యోగం నాది. మధ్యలో వెనక్కి తిరిగితే మళ్లీ ఈ బల్లే, రిటైరయ్యేదాకా ఇదే. నలభై ఆరేళ్ల దానికి ఇంకో అవకాశం రాదని నాకు తెలుసు.

మీ తమ్ముడికి చెప్తే, "బజారు నుంచి రెండు సంచులు తెస్తేనే సాయంత్రానికి కాళ్లు పట్టమంటావు, నీకెందుకు కొండలు?" అన్నారు. వినీ విననట్టు ఊరుకున్నాను.

ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఆఫీసు వాళ్లు సామాను ఇవ్వరు. నా దగ్గర దాచుకున్నది కొంచెం ఉంది, మీ కొట్లో అన్నీ మంచివే కొనాలంటే మాత్రం చాలదు. ఇరవై ఆరేళ్లుగా జనాన్ని ఎండల్లోకీ వానల్లోకీ తయారుచేసి పంపుతున్నారు కదా. దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి పెట్టకూడదో చెప్పండి.

మీ మరదలు

*

కొట్టు, గల్లాపెట్టె వెనక
మార్చి 13

మరదలు పిల్లా,

ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఇంట్లో ఒక్కళ్లకైనా బుద్ధి పుట్టింది. మావాడి మాటలు పట్టించుకోకు. వాడు చిన్నప్పుడు రెండో అంతస్తు ఎక్కడానికి కూడా నా వీపెక్కేవాడు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కాబట్టి, సగం మొగుడి హోదాలో నేను అనుమతి ఇస్తున్నాను, వెళ్లు.

ఇప్పుడు శ్రద్ధగా విను. నా కొట్లో మూడు అరలు. కింది అరలో చవకవి, నడిమి అరలో మధ్యరకం, పై అరలో ఖరీదైనవి. అన్నీ ఒకే అరలోంచి కొనేవాళ్లు తెలివితక్కువవాళ్లు. కిందటేడు ఒక జంట వచ్చి తలనుంచి కాలిదాకా పై అరలోవే కొన్నారు. అవి వేసుకుని కారు దిగి, ఇరవై అడుగులు నడిచి, పచ్చిక మీద దుప్పటి పరుచుకుని పడుకున్నారట. గోటితో పోయేదానికి గొడ్డలి. అంతకుముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు చేతిలో దాదాపు ఏమీ లేకుండా వచ్చారు. మంచి బూట్లు, మంచి మేజోళ్లు ఇచ్చి, మిగతావన్నీ ఇంట్లోంచి తెచ్చుకోమన్నాను. వారం రోజులు హాయిగా నడిచి వచ్చారు.

నా లెక్క ఇది. నేలకీ నీకూ మధ్య ఉండేది పై అరలోంచి. వానకీ నీకూ మధ్య ఉండేది నడిమి అరలోంచి. ఒంటికి వేలాడేవి ఏవైనా కింది అరలోంచి చాలు.

వానకోటు మరీ చవకది వద్దు. బయటి వానకి తడవకపోయినా లోపలి చెమటకి తడిసిపోతావు. చంకల కింద గాలి ఆడే జిప్పులున్నది తీసుకో. టోపీ కింది అరది చాలు, గడ్డం కింద తాడుంటే సరి. నీళ్ల సీసాలకి డబ్బు తగలెయ్యకు, మామూలు ప్లాస్టిక్ సీసాలు రెండు పట్టుకెళ్లు. సంచి బరువు భుజాల మీద కాదు, నడుం మీద కూర్చోవాలి. సంచి లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పెట్టి అందులో బట్టలు సర్దు. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఇక ఆరవు. మూడు మీటర్ల నైలాన్ తాడు, నాలుగు పిన్నీసులు. ఎందుకని అడగకు, అవసరం పడ్డప్పుడు నీకే తెలుస్తుంది.

ఇక బూట్లు. అవి నేనే పంపుతాను, పై అరలోవి. అది నా కానుక, కాదనకు. పాదం కొలత పంపు. సాయంత్రం పూట, నిలబడి, వీపున బరువు పెట్టుకుని, కాగితం మీద గీయించు. పొద్దున కూర్చుని గీసిన పాదం వేరు, సాయంత్రం మోస్తూ నిలబడ్డ పాదం వేరు.

ఇవాళ్టి నుంచి మెట్లెక్కు. లిఫ్టు కనిపిస్తే తల తిప్పుకో.

నీ వదిన

*

ఇల్లు, వంటగది కిటికీ పక్కన
మే 17

వదినగారికి,

బూట్లు నిన్న అందాయి. ఎంత బాగున్నాయో చెప్పలేను. మెరిసే తోలు, మందపాటి అడుగు, లోపల పరుపులాంటి మెత్తదనం. పెళ్లికి కూడా ఇంత మంచి పాదరక్షలు వేసుకోలేదు నేను. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే మీ తమ్ముడు లేచి సెల్యూట్ చేశారు.

కొలత గీయించుకున్న రోజు మీరు చూడాల్సింది. వీపున రెండు ఇటుకల సంచి, ఒంటికాలు కాగితం మీద, ఆయన నేల మీద బోర్లా పడుకుని పెన్సిలు పట్టుకుని. చిటికెన వేలు దగ్గర చక్కిలిగింతలు పెట్టారు. ఆ వంకర గీత మీకు కనిపించే ఉంటుంది.

రోజూ మధ్యాహ్నం ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతున్నాను. నాలుగంతస్తులు, ఐదుసార్లు. మొదటి వారం అందరూ కింద నిలబడి నవ్వారు. ఇప్పుడు ఇద్దరు నా వెనకాల ఎక్కుతున్నారు.

ఒక్క సందేహం. కొత్త బూట్లు కనీసం నెలరోజులు తొడిగి మెత్తబరుచుకోవాలని మీరే ఎప్పుడో అన్నట్టు గుర్తు. చుట్టుకి ఇంక పది రోజులే ఉంది.

మీ మరదలు

*

కొట్టు
మే 20

పిల్లా,

ఆ నెలరోజుల నియమం కింది రెండు అరలకి. పై అరది డబ్బాలోంచి తీసి కొండెక్కొచ్చు. నా మాట నమ్ము. వెళ్లి పదకొండూ చూసి రా. మన ఇంటి ఆడవాళ్లు మధ్యలో వెనక్కి తిరగరు.

వదిన

*

ఇల్లు
జూన్ 2

వదినగారికి,

చుట్టు ముగించుకుని వచ్చాను. కొండదారి చాలా అందంగా ఉంది. వానకోటు బాగా పనిచేసింది. సంచి సుఖంగా ఉంది. బూట్లు ఎంతో బాగున్నాయి. మీ సలహాలన్నీ పనికొచ్చాయి, మీ మేలు మరిచిపోలేను.

ఆఫీసు సంగతి ఇంకా తేలలేదు. తేలాక రాస్తాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

*

కొట్టు
జూన్ 8

ఏమమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. నాలుగు రోజులు కొత్త బూట్లలో నడిచి వచ్చిన మనిషి బూట్లని తిట్టకుండా ఉండటం నా ఇరవై ఆరేళ్లలో చూడలేదు. మడమ కొరికిందనో, నాడా ఊడిందనో, బరువనో ఏదో ఒకటి అంటారు. పెళ్లయిన కొత్తలో నువ్వు నా వంటకి కూడా వంక పెట్టినదానివి. ఇప్పుడు 'మీ మేలు మరిచిపోలేను' అంటున్నావు. నాకు ఒళ్లు మండింది.

పదకొండూ చూశావా లేదా? ఆ మాట ఉత్తరంలో ఎక్కడా లేదు.

బూట్లు పార్శిల్ చెయ్యి. మొదటి దూరపు నడక తరవాత నా దగ్గర కొన్నవాళ్లందరూ అడుగు చూపిస్తారు. ఎక్కడ అరిగిందో చూసి మనిషి ఎలా నడుస్తుందో చెప్తాను. నీకు మినహాయింపు లేదు.

వదిన

*

కొట్టు
జూన్ 19

పిల్లా,

పదకొండు రోజులైనా జవాబు లేదు, పార్శిల్ లేదు. అందుకని నిన్న నిచ్చెన వేసుకుని పై అర ఎక్కాను. రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కాను. ఎందుకో తరవాత చెప్తాను.

నీకు పంపిన రకంలోనే ఇంకో జత అక్కడ ఉంది. దించి, రెండు చేతులతో వంచాను. అడుగు ఎండిన రొట్టెలా ఫెళ్లున విరిగింది. లోపలి మెత్తదంతా పొడైపోయి నా చీర మీద రాలింది. ఆ అర రేకుల కప్పుకి జానెడు దూరంలో ఉంది. ఎండాకాలం అక్కడ చెయ్యి పెడితే కాలుతుంది. ఖరీదైనవని ఎప్పుడో ఒకళ్లు తప్ప ఎవరూ కొనరు, కొనరు కాబట్టి ఆరేళ్లుగా అక్కడే ఉడుకుతున్నాయి. తోలు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. నా కొట్లో అన్నిటికంటే మంచివనుకున్నవి అన్నిటికంటే పాడైనవి. ఇరవై ఆరేళ్ల అనుభవం అని చెప్పుకునేదాన్ని, దీపం కింద చీకటి చూసుకోలేదు.

ఆ నిచ్చెన నేను నాలుగేళ్లుగా ఎక్కలేదు. తుంటి నొప్పి. ఎవరికీ చెప్పలేదు. కొట్లోకి వచ్చిన పొడుగాటి మనిషెవరో ఒకళ్లని అడిగి దింపించుకుంటాను, పెట్టె దులిపి అమ్ముతాను. నీ జత కూడా అలాగే దిగింది. వంచి చూడలేదు. నీకు, మా తమ్ముడి భార్యకి, నీ బతుకంతా ఆధారపడ్డ నడకకి, వంచి చూడకుండా పంపాను.

ఈ పొద్దున మావాడికి ఫోను చేశాను. నువ్వు ఎనిమిది గేజీలు చూసి, బూటుకి తాడు కట్టుకుని తిరిగొచ్చావని చెప్పాడు. ఆఫీసులో 'ఒంట్లో సత్తువ చాలలేదు' అని రాసిచ్చావనీ చెప్పాడు. వాడు ఏడ్చినంత పని చేశాడు. నీ సత్తువకి ఏమైంది? ఎవర్ని కాపాడటానికి ఆ మాట రాశావు? నన్నా? నాకు నీ కాపలా అక్కర్లేదు.

మీ ఇంజనీరుకి ఉత్తరం రాసి పోస్టు చేశాను. నకలు కింద ఉంది.

వదిన

'ఇంజనీరు గారికి,

నేను బయటి తిరుగుళ్లకి కావలసిన సామాను అమ్ముతాను. మీ ఆఫీసులో టైపు పని చేసే మా మరదలికి చుట్టు కోసం బూట్లు పంపింది నేనే. అవి ఆరేళ్ల పాతవి, అడుగు లోపల చెడిపోయి ఉంది. నేను పరీక్షించకుండా పంపాను. ఆమె వెనక్కి రావడానికి కారణం ఆ బూట్లు, వాటికి కారణం నేను. చెడిన జత ఇంకొకటి వేరే పార్శిల్లో పంపుతున్నాను, మీ చేతులతో వంచి చూడండి. ఈ ఉత్తరం ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.'

*

ఇల్లు, మంచం మీద
జూన్ 27

వదినా,

నన్నడగకుండా ఎందుకు రాశారు? ఎంత కోపం వచ్చిందంటే, మీ ఉత్తరం చింపబోయి ఆగాను. మీ కొట్టు మీ మాట మీద నడుస్తోంది. మీరు మంచిదంటే జనం కళ్లు మూసుకుని కొంటారు. నా కోసం ఆ మాట పోగొట్టుకుంటారా అని నేను నోరు కట్టేసుకుని కూర్చుంటే, మీరు కాగితం మీద పెట్టి పోస్టు చేశారు.

సరే, దాచినదంతా చెప్తాను. రెండోరోజు ఏడో గేజీ దగ్గర కుడి బూటు అడుగు ఊడింది. ముసలి మొసలి నోరు తెరిచినట్టుంది. మీ నైలాన్ తాడు చుట్టి ఎనిమిదో గేజీ చూశాను. అక్కడ ఎడమది కూడా పోయింది. ముందు వాగుంది, తడి రాళ్లున్నాయి. కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తరవాత దిగాను. ఇంజనీరు గారు ఒకటే అడిగారు, "సామాను పాడైందా, మనిషి పాడైందా?" అని. సామాను అంటే ఇంకోసారి పంపుతారు. కానీ ఏ కొట్టుదని అడుగుతారు. అందుకని మనిషే అని రాసిచ్చాను.

నిన్న పిలిచారు. బల్ల మీద మీ ఉత్తరం, ముక్కలైన మీ బూటు. నాకు రెండో అవకాశం వచ్చినట్టే అనుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఆయన నవ్వలేదు.

"బూటు పాడైతే పాడైందని రాయాలి కదమ్మా. మీరు మీ మీద వేసుకున్నారు. రేపు గేజీకి చిల్లు పడితే వాన తక్కువ పడిందని రాస్తారా?"

వదినా, నేను అలా ఆలోచించనేలేదు. ఇంట్లోవాళ్ల కోసం చెప్పిన చిన్న అబద్ధం అనుకున్నాను. ఆయన ఇంకా అన్నారు. "నడవలేని వాళ్లకి నడక నేర్పొచ్చు. ఉన్నది ఉన్నట్టు రాయని వాళ్లని గేజీ దగ్గరికి ఎలా పంపను?"

ఇంక పోయింది అనుకున్నాను. పంతొమ్మిదేళ్ల బల్ల కళ్ల ముందు కనిపించింది. అప్పుడు ఎక్కడిదో ధైర్యం వచ్చింది. "సార్, ఎనిమిది గేజీల అంకెలూ నిజం. ఆ ఒక్క వాక్యం అబద్ధం. ఆ రిపోర్టు ఇవ్వండి" అన్నాను. మా పుస్తకాల్లో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే అది కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఆ వాక్యం మీద గీత కొట్టాను. 'బూట్ల అడుగు ఊడిపోయింది. కారణం దాచాను' అని రాసి సంతకం పెట్టాను.

ఆయన చదివి, "జూలై మూడోవారం వెళ్లండి. అప్పటికి వానలుంటాయి, మేలోలా సులువుగా ఉండదు" అన్నారు.

ఇదే ఆఖరుసారి. మీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

మీ మరదలు

*

కొట్టు
జూలై 1

పిల్లా,

కోపం ఉంచుకో, కొండెక్కేటప్పుడు పనికొస్తుంది.

పై అర మొత్తం దించేశాను. వంచితే విరిగినవి పారేశాను. నాకు తుంటి నొప్పి అని కొట్లోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను. ఇంతకాలం మేకపోతు గాంభీర్యంతో నెట్టుకొచ్చాను. డాక్టరుకి ఎల్లుండి చూపించుకుంటాను.

మూడు జతలు పంపుతున్నాను. మూడూ ఈ ఏడాది వచ్చినవే, మూడూ నేను వంచి చూశాను. ఒకటి చీలమండ పైదాకా ఉండే తోలు బూటు, ఖరీదైనది. ఒకటి గుడ్డ, రబ్బరు కలిసిన తేలికపాటిది, మధ్యరకం. ఒకటి చవక రబ్బరుది. నన్నడిగితే తోలుదే అంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనుకునే మనిషిని నేను, నీకు తెలుసు.

ఈసారి ఉత్తరం రాసేటప్పుడు లోపాలు ముందు రాయి. క్షేమాలు, పొగడ్తలు చివర్న. తియ్యగా మొదలుపెట్టావంటే చదవను.

వదిన

*

ఇల్లు
జూలై 5

వదినా,

తోలుది వెనక్కి పంపుతున్నాను. ఆ దారి ఇప్పుడు మీకంటే నాకే బాగా తెలుసు. మూడుచోట్ల వాగు దాటాలి. తోలు ఒకసారి తడిస్తే నాలుగు రోజులూ ఆరదు, రెండేసి ఇటుకలు కాళ్లకి కట్టుకున్నట్టుంటుంది. గుడ్డది తడుస్తుంది, నడుస్తుంటే ఆరుతుంది. దాన్నే ఉంచుకున్నాను. తోలుదాని మీద మిగిలిన డబ్బుతో మేజోళ్లు మూడు జతలు మంచివి పంపండి. పై అర ధరవి అయినా సరే.

రోజూ వేసుకుని మెట్లెక్కుతున్నాను. నెలరోజులు లేవు, రెండు వారాలున్నాయి. అవి చాలేలా తిరుగుతాను.

మీ మరదలు

*

కొట్టు
జూలై 8

మేజోళ్లు పంపాను. దారి నీది, నా లెక్కని నువ్వే దిద్దావు. డాక్టరు కర్ర పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను.

వదిన

*

ఆఫీసు
జూలై 25

వదినా,

ముందు లోపాలు.

వానకోటు తలముసుగు పనికిరానిది. గేజీలోకి వంగి చూస్తే కళ్ల మీదికి జారుతుంది. ప్రతి గేజీ దగ్గరా అది తీసేసి, తడుస్తూ చదివాను. మీరు పంపిన టోపీ నాలుగో గేజీ దగ్గర గాలికి ఎగిరి లోయలో పడింది, గడ్డం కింది తాడు దారంలా ఉంది, ఎవరికీ అమ్మకండి. మేజోళ్లలో బొటనవేలి దగ్గర కుట్టు లావుగా ఉంది. రెండోరోజుకి వేలు ఒరుసుకుపోయింది, తిరగేసి తొడుక్కుంటే సరిపోయింది. బూట్లు మొదటి రోజు తడి రాతి మీద రెండుసార్లు జారాయి, ఒకసారి కూలబడ్డాను. మోచేయి గీరుకుంది. సంచి బకిల్ నాలుగు రోజులూ కిచకిచలాడింది, పిట్టలు కూడా సమాధానం చెప్పాయి. మీ తాడు ఈసారి అవసరం పడలేదు.

మూడోరోజు ఎనిమిదో గేజీ దాటాక వాగు ముందు ఆగిపోయాను. బూట్లు బాగానే ఉన్నాయి, భయం వేసింది. ఇది కూడా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాడాలు బిగించుకుని వాగులోకి దిగాను. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి, మీద సన్నగా వాన. అవతలి ఒడ్డుకి వెళ్లాక బూట్లలోంచి నీళ్లు కారుతుంటే ఎందుకో గట్టిగా నవ్వొచ్చింది.

ఇవాళ పుస్తకం ఇంజనీరు గారికి ఇచ్చాను. పేజీలు నెమ్మదిగా తిప్పారు. ఒకచోట గీత కొట్టి దిద్దిన అంకె ఉంది, వేళ్లు కొంకర్లు పోయి తప్పు రాశాను. దాని దగ్గర ఆగి, పక్కన నా సంతకం చూసి, ముందుకు తిప్పారు. చివరికి నా బూట్ల వంక చూసి, "ఫీల్డు వాళ్లకి ఆరు జతలు కావాలి. ఏ కొట్లో కొన్నారు?" అని అడిగారు.

"మా వదిన కొట్లోనే" అన్నాను. గొంతు కొంచెం తగ్గింది, దాచను.

ఆయన, "తన తప్పు తనే రాసి పంపిన ఆవిడేగా? అక్కడే కొందాం" అన్నారు. కొలతలు నన్నే తీసుకోమన్నారు. సాయంత్రం, నిలబెట్టి, వీపున బరువు పెట్టి తీసుకుని పంపుతాను.

లోపాలు అయిపోయాయి. మీ మీద నా కోపం కూడా అయిపోయింది. పదకొండూ చూశాను వదినా, సోమవారం నుంచి ఫీల్డు ఇన్‌స్పెక్టర్ని. ఇది మొదటి వాక్యంలోనే రాసేదాన్ని, మీరు రాయనివ్వలేదు.

మీ మరదలు